గుర్రుమన్న కుక్కను కొట్టకండి, ముందు డాక్టరుకు చూపించండి

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి.

విజయవాడ సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. బ్రూనో అనే పద్నాలుగు నెలల మగ లాబ్రడార్. ఇంట్లో మీరు, మీ వారు, అత్తగారు, ఆరేళ్ల పాప. ఈ మూడు వారాల్లో మూడు గొడవలు జరిగాయి. డైనింగ్ టేబుల్ కింద ఎముక నములుతుంటే పాప వెళ్లి మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకుంది, వాడు గుర్రుమన్నాడు. మీ వారు ముక్కు మీద ఒకటి కొట్టారు. వారం తర్వాత సోఫా మీద నుంచి దింపడానికి మెడ బెల్టు పట్టి లాగితే గాల్లో కొరికాడు. మొన్న ఆదివారం స్నానం చేయించి టవలుతో తల తుడుస్తుంటే మీ వారి చేతిలో పన్ను దిగి రక్తం వచ్చింది. వాడి రేబిస్ టీకా గడువు దాటి రెండు నెలలైంది. ఇప్పుడు బాల్కనీలో కట్టేశారు. అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు, పక్క ఫ్లాటువాళ్లు కరకట్ట మీద వదిలేసి రమ్మంటున్నారు. ఇన్నాళ్లు బంగారంలా ఉన్నవాడు ఉన్నట్టుండి ఇలా ఎందుకయ్యాడని మీ ప్రశ్న.

అన్నిటికంటే ముందు మీ వారి చేతి సంగతి. రక్తం వచ్చింది కాబట్టి, కరిచింది మన ఇంటి కుక్కే అయినా, యాంటీ రేబిస్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్సిందే. ఇప్పటికీ వెళ్లకపోతే ఇది చదవడం ఆపి ఇవాళే వెళ్లమనండి. రోజులు గడిచాయి కదా, ఇంకేం లాభం అనుకోవద్దు. ఆలస్యంగానైనా మొదలుపెట్టడమే సరైనది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు ఇస్తారు. కండకు ఇచ్చేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ నుంచి వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా కావాలేమో అక్కడి డాక్టరును మీరే అడగండి, టీటీ (ధనుర్వాతం ఇంజెక్షన్) గురించీ అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని అత్తగారు భయపెడితే, ఆ పాత మందు మన దేశంలో ఇప్పుడు లేనే లేదని చెప్పండి. ఇకముందు ఎవరికి పన్ను గీసుకున్నా వెంటనే కొళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగాలి, ఆ తర్వాత బెటాడిన్ లాంటిది రాయాలి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు.

బ్రూనోను కరిచిన రోజు నుంచి పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడా వదలకూడదు. పక్క ఫ్లాటువాళ్లకు చెప్పాల్సిన మొదటి జవాబు ఇదే: కుక్క కళ్ల ముందు లేకపోతే వాడు ఆరోగ్యంగా ఉన్నాడో లేదో తెలుసుకునే దారే ఉండదు. పది రోజులు నిక్షేపంగా ఉంటే మిగతా ఇంజెక్షన్ల సంగతి డాక్టరు చూస్తారు. చొల్లు ఆగకుండా కారడం, కింది దవడ వేలాడిపోవడం, మింగలేకపోవడం, అరుపు మారిపోవడం, కాళ్లు తడబడటం కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా గది మూసి డాక్టరుకు ఫోన్ చేయండి. మీరు రాసినదాన్ని బట్టి వాడు తింటున్నాడు, తాగుతున్నాడు, బంతి వేస్తే తెస్తున్నాడు, మూడు సందర్భాల్లో తప్ప మామూలుగానే ఉన్నాడు. నాకు రేబిస్‌లా అనిపించడం లేదు. అయినా నియమం నియమమే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు మూడు గొడవలనూ ఎముక, సోఫా, స్నానం అని మూడు వేర్వేరు కథల్లా రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చదవండి. పాప చేతులు మెడ చుట్టూ పడ్డాయి. మీ వారు లాగింది మెడ బెల్టు. ఆదివారం తుడిచింది తల. మూడుసార్లూ చేయి పడింది ఒకే చోట, చెవుల దగ్గర. విజయవాడ, గుంటూరు ఇళ్లలో కుక్కల ప్రవర్తన సమస్యలు చూడటమే నా పని కాబట్టి చెబుతున్నాను, ఇలాంటి వివరం కనిపించినప్పుడు నేను పొగరు, ఆధిపత్యం లాంటి మాటల జోలికి వెళ్లను. ముందు చెవి డొప్ప ఎత్తి చూస్తాను.

లాబ్రడార్ చెవులు వేలాడుతూ ఉంటాయి, లోపల గాలి ఆడదు. మన కృష్ణా తీరం ఉక్కకు, స్నానం నీళ్లు లోపల నిలిచిపోతే ఇన్ఫెక్షన్ చాలా తేలిగ్గా వస్తుంది. మీరే చూడొచ్చు, కానీ చేయి పెట్టకుండా చూడండి. వాడు తల విదిలిస్తున్నాడా, చెవిని నేలకో సోఫా అంచుకో రుద్దుకుంటున్నాడా, తల ఒక పక్కకు వంచి నడుస్తున్నాడా, వెనక కాలితో గోక్కుంటూ చిన్నగా మూలుగుతున్నాడా? వాడంతట వాడు వచ్చి మీ ఒడిలో తల పెట్టినప్పుడు వాసన గమనించండి. పులిసిన పిండి వాసనో, కుళ్లు వాసనో వస్తే సందేహమే అక్కర్లేదు. లోపల కాఫీ పొడి రంగు గులిమి, ఎర్రగా వాచిన చర్మం ఉంటాయి. పంటి నొప్పితో ఉన్న మనిషి చెంప మీద ముద్దుగా తట్టినా చేయి విదిలించి కొడతాడు. బ్రూనో చేసింది కూడా అంతకంటే పెద్ద నేరమేమీ కాదు.

కొబ్బరి నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్, మనుషుల చెవి చుక్కలు ఏవీ వేయకండి. లోపల కర్ణభేరి దెబ్బతిని ఉంటే మందే కీడు చేస్తుంది. డాక్టరు లోపలికి చూసి, అవసరమైతే గులిమి పరీక్ష చేసి మందు రాయాలి. నొప్పి కదా అని మన డైక్లోఫెనాకో, ఐబూప్రోఫెనో ఇవ్వవద్దు. కుక్కకు వాటివల్ల కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికైనా, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికైనా తీసుకెళ్లండి. మనిషిని కరిచిన కుక్క అని, పది రోజుల గమనింపులో ఉందని ముందే చెప్పండి. గడువు దాటిన టీకా ఎప్పుడు వేయాలో కూడా ఆయననే అడగండి.

డాక్టరు దగ్గర "కోపం ఎక్కువైంది" అని ఊరుకోకండి. మూడు సంఘటనలూ తేదీలతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లి, చేయి ఎక్కడ పడినప్పుడు తిరగబడ్డాడో చెప్పండి. చెవులు బాగానే ఉంటే నోరు, పళ్లు, మెడ, నడుము చూడమనండి. లాబ్రడార్లకు తుంటి కీలు సమస్య ఏడాది లోపే బయటపడొచ్చు. లేచేటప్పుడు బద్ధకించడం, మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి గెంతడం దాని గుర్తులు. సోఫా మీద నుంచి దిగనన్నది దానివల్లనూ కావచ్చు. పిడుదులు ఉన్నాయా, చిగుళ్లు పాలిపోయాయా, లోజ్వరం ఉందా అన్నదీ తేల్చుకోవాలి. మన ప్రాంతంలో పిడుదుల జ్వరం బాగా ఎక్కువ. ఆ జ్వరంతో ఒళ్లు నొప్పులున్న కుక్క ముట్టుకుంటే చిరాకు పడుతుంది. పాదాలు అదే పనిగా నాకుతుంటే అదీ చెప్పండి, పదేపదే వచ్చే చెవి ఇన్ఫెక్షన్ వెనక ఎలర్జీ ఉండొచ్చు.

ఇప్పుడు మీ వారికి కాస్త కష్టంగా అనిపించే మాట. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కూతురి మొహానికి జానెడు దూరంలో కుక్క గుర్రుమంటే ఏ తండ్రికైనా చేయి లేస్తుంది. కానీ ఆ గుర్రు మీ ఇంట్లో అన్నిటికంటే విలువైన శబ్దం. "దగ్గరికి రాకు, నాకు బాగాలేదు" అని చెప్పడానికి వాడికి ఉన్న మాట అదొక్కటే. దానికి దెబ్బ పడింది. రెండోసారి వాడు గుర్రుమన్నాడని మీరు రాయలేదు, నేరుగా గాల్లో కొరికాడన్నారు. మూడోసారి అదీ లేదు, పన్నే దిగింది. గుర్రును కొట్టి ఆపితే నొప్పి, భయం అలాగే ఉంటాయి, హెచ్చరిక మాత్రం పోతుంది. "ఏ సూచనా లేకుండా కరిచింది" అంటూ నా దగ్గరికి వచ్చే కుక్కల్లో చాలావాటి వెనక ఇదే చరిత్ర ఉంటుంది.

గాల్లో కొరికిన రోజున వాడి గురి తప్పిందని మీ వారు అనుకుంటున్నారు. కుక్క గురి అలా తప్పదు. తగలకుండా ఆగాలని ఆగాడు. ఆ నిగ్రహం వాడిలో ఉండటం మీకు పెద్ద ఆశ.

వెల్లకిలా పడేసి నొక్కిపట్టు, నువ్వే యజమానివని చూపించు అని వీడియోలు చూసి చెప్పేవాళ్లు ఉంటారు. గుంపులో బలంతో గెలిచినదే నాయకుడు, కుక్కల్లోనూ అంతే అన్న ఆ ఆలోచన బంధించి ఉంచిన తోడేళ్లను చూసి పుట్టింది. దానికి ప్రచారం తెచ్చినవారిలో ఒకరైన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999 నాటి తన వ్యాసంలో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని స్పష్టంగా రాశాడు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు, ప్రవర్తన సమస్యలున్న కుక్కల యజమానులను అడిగి ఒక పరిశోధన ప్రచురించారు. కుక్కను కొట్టినవాళ్లు, తన్నినవాళ్లలో 43 శాతం మంది మీదికి అది తిరగబడింది. వెల్లకిలా నొక్కిపట్టినవాళ్లలో 31 శాతం. బలంతో గెలుద్దామనుకునే ఇంట్లో గాయాలే పెరుగుతాయి.

ఎముక సంగతి మాత్రం విడిగా చూడాలి, అది చెవి తగ్గినంత మాత్రాన తగ్గకపోవచ్చు. ఉడికిన ఎముకలు ఇవాళ్టి నుంచి బంద్. అవి చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, అది ఇంకో ప్రమాదం. గిన్నె దగ్గర కాపలా బుద్ధి ఉందో లేదో తెలుసుకోవాలంటే గిన్నెలో చేయి పెట్టి పరీక్షించకండి. ఆ అలవాటు మనవాళ్లలో చాలా ఉంది. తింటున్న కంచంలోకి ఎవరో చేయి పెడుతూ ఉంటే కాపలా బుద్ధి లేని కుక్కకూ వస్తుంది.

చేయాల్సింది ఇది. వాడు అన్నం తింటుండగా మీరు ఆరేడు అడుగుల దూరంలో నడుస్తూ, ఆగకుండా, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి వెళ్లిపోండి. నిలబడి చూడొద్దు, ముద్దుగా పిలవొద్దు. పూటకు నాలుగైదు సార్లు చాలు. కొన్నాళ్లకు మీ అడుగుల చప్పుడు వినగానే గిన్నెలోంచి తల ఎత్తి, తోక వదులుగా ఊపుతూ మీ చేతి వైపు చూస్తాడు. అలా చూసిన తర్వాతే ఒక అడుగు దగ్గరగా నడవండి. మీరు రాగానే తల ఇంకా కిందికి దించి గబగబా మింగుతున్నా, ఒళ్లు కొయ్యబారినా, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసినా మీరు చాలా దగ్గరికి వచ్చేశారని అర్థం. వెనక్కి వెళ్లండి. పెద్దవాళ్లు మాత్రమే చేయాలి, పాప కాదు. నోట్లో చెప్పు ఉన్నా, పెన్ను ఉన్నా లాక్కోకుండా చికెన్ ముక్క నేల మీద వేసి, వాడు వదిలి అటు వెళ్లాక తీసుకోండి. లంచం ఇచ్చి పాడుచేస్తున్నాం అని అత్తగారు అనొచ్చు. మనుషులు దగ్గరికి వస్తే తనది పోదు, ఇంకొకటి వస్తుంది అని వాడికి నమ్మకం కుదరాలి. దానికి ఇంతకంటే నేరైన మార్గం నాకు తెలియదు.

పాప విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. ఆరేళ్ల పిల్ల మొహం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది, కరిస్తే పడేది మొహం మీదే. ఇద్దరినీ ఒక గదిలో వదిలి పెద్దవాళ్లు వంటింట్లోకి కూడా వెళ్లకూడదు. ఫోన్ చూస్తూ అదే గదిలో కూర్చోవడం లెక్కలోకి రాదు. హాలుకీ వంటింటికీ మధ్య నడుము ఎత్తు చెక్క గేటు ఒకటి వడ్రంగితో చేయించండి, పెద్ద ఖర్చు కాదు. బ్రూనోకు ఒక మూల, ఒక పరుపు ఇచ్చి, వాడు అక్కడ ఉన్నప్పుడు ఎవరూ పలకరించకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పండి. వేసవి సెలవులకు వచ్చే పిల్లలకు, చుట్టాలకు కూడా ఇదే నియమం.

పాపకు కౌగిలింతలు మాన్పించండి. మనకు అది ప్రేమ, చాలా కుక్కలకు అది ఇరుకు. బదులుగా ఇలా నేర్పండి: మీరు పక్కన ఉండగా పాప కూర్చుని వాడిని పిలవాలి. వస్తే ఛాతీ దగ్గర ఒంటి చేత్తో మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నిమిరి చేయి తీసేయాలి. వాడు ఇంకా దగ్గరికి జరిగితే మళ్లీ నిమరొచ్చు. మొహం పక్కకు తిప్పినా, పెదాలు నాక్కున్నా, ఆవలించినా, ఒళ్లు విదిలించుకుని వెళ్లిపోయినా ఆట అయిపోయినట్టే. ఈ గుర్తులు పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు, చాలా ఇళ్లలో పెద్దవాళ్ల కంటే ముందే. ఇది కూడా చెవి నయమైందని డాక్టరు చెప్పాకే మొదలుపెట్టండి. అప్పటిదాకా మధ్యలో గేటు ఉండాల్సిందే.

బాల్కనీలో కట్టేయడం ఇవాళే ఆపండి. ఎండలు మండే రోజుల్లో నల్లటి దట్టమైన జుట్టున్న లాబ్రడార్‌కు అది ప్రాణం మీదికి వచ్చే పని. పైగా గొలుసు మీద ఉన్న కుక్క పారిపోలేదు, కాబట్టి ఎదురు తిరగడమే నేర్చుకుంటుంది. ఆ వయసు కుక్కకు రోజులో సగానికి పైగా నిద్ర కావాలి. రోజంతా టీవీ, కాలింగ్ బెల్లు, పిల్లల అరుపులు, కరెంటు పోతే ఉక్క, వీటి మధ్య నిద్రలేని కుక్క సాయంత్రానికి చిటపటలాడుతుంది. నడకకు తెల్లవారుజామునే తీసుకెళ్లండి, రోడ్డు చల్లారాక రాత్రి ఇంకోసారి. మెడ బెల్టు తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. తల మీదుగా తొడగాల్సిన రకం కాకుండా, పక్కన క్లిప్పులు ఉండే రకం చూడండి. సోఫా దిగాలంటే లాగే పని లేదు, నేల మీద బిస్కెట్ వేస్తే దిగుతాడు.

మజిల్, అంటే కరవకుండా మూతికి వేసే తొడుగు, వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు, కానీ నోరు బిగించే గుడ్డది వద్దు, దానితో రొప్పలేడు. రొప్పడమే వాడి చల్లబడే మార్గం. నోరు తెరవడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం కొని, లోపల చికెన్ ముక్క పెట్టి వాడంతట వాడే మూతి పెట్టేలా రోజూ కాసేపు అలవాటు చేయండి. చెవి నొప్పి ఉండగా వెనక పట్టీ బిగించడం కష్టం కాబట్టి, ఆసుపత్రి రోజున ఎలా పట్టుకోవాలో ఫోన్ చేసి అక్కడివాళ్లనే అడిగి వెళ్లండి.

వృషణాలు తీయించేస్తే సర్దుకుంటాడని ఎవరో చెప్పారని రాశారు. ఆ ఆపరేషన్‌కు వేరే ప్రయోజనాలు ఉన్నాయి. నొప్పివల్లా భయంవల్లా వచ్చే కోపానికి అది మందు కాదు, భయస్తుడైన కుక్కకు కొన్నిసార్లు భయం పెరుగుతుంది కూడా. నెల రోజులు మా దగ్గర వదిలేయండి, మార్చి ఇస్తాం అనే శిక్షకుల దగ్గరికి పంపవద్దు. అక్కడ ఏం చేస్తారో మీరు చూడలేరు. మీ ఇంట్లో, మీ పాప ముందు, మీ సోఫా దగ్గర వచ్చిన సమస్య ఇంకో చోట తీరదు. షాక్ కాలర్, ముళ్ల గొలుసు తెచ్చినవాడిని గుమ్మం దగ్గర నుంచే పంపించేయండి.

ఇచ్చేయడం గురించి. కరకట్ట మీద వదలడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అది పక్కన పెట్టినా, ఇంట్లో పెరిగిన లాబ్రడార్ వీధి కుక్కల మధ్య బతకలేడు, చెవి నొప్పితో ఉన్నవాడు దారిన పోయే ఇంకో పిల్లను కరవొచ్చు. చుట్టాలకో, తోటకో ఇవ్వాలనుకుంటే అదీ ఇప్పుడు కాదు. పది రోజుల గమనింపు పూర్తయ్యాక, చెవికి వైద్యం జరిగాక, ఆరు నుంచి ఎనిమిది వారాలు పైన చెప్పినట్టు చేసి చూడండి. అప్పటికీ పాప ఇంట్లో భయంభయంగా తిరుగుతుంటే, పిల్లలు లేని, కుక్కల సంగతి తెలిసిన ఇంటికి ఇవ్వడంలో తప్పు లేదు, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు. కరిచిన విషయం దాచకుండా చెప్పి ఇవ్వండి.

నా అభిప్రాయం మారే సందర్భాలు కూడా చెప్పాలి. ఎవరూ ముట్టుకోకపోయినా దూరం నుంచి వచ్చి మీద పడటం, పట్టి వదలకుండా విదిలించడం, ఒకే దాడిలో లోతుగా పదేపదే కరవడం, పాపను వేటను చూసినట్టు చూపు తిప్పకుండా గమనిస్తూ వెంబడించడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆరు వారాలు ఆగవద్దు. ఆ రోజే పాపను, వాడిని వేరువేరు ఇళ్లలో ఉంచి, గన్నవరం కళాశాల డాక్టర్లతో మాట్లాడండి. ప్రవర్తనకు వాడే మందులు ఉన్నాయి, అవి పని చేయడానికి వారాలు పడుతుంది, డాక్టరు రాస్తేనే వాడాలి. ఇప్పటిదాకా మీరు రాసినదాంట్లో ఇవేవీ నాకు కనిపించలేదు.

మీ వారి ఇంజెక్షన్లు మొదలయ్యాయో లేదో, డాక్టరు చెవి చూసి ఏమన్నారో రాయండి. చెవి తగ్గాక మెడ ముట్టుకోవడం, స్నానం, తల తుడవడం మళ్లీ ఏ వరసలో అలవాటు చేయాలో అప్పుడు వివరంగా చెబుతాను. అప్పటిదాకా స్నానం చేయించకండి.